రోగం నిజమా, భ్రమా?

అందరికీ వందనాలు.

మా పెద్దమ్మ ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో ఇన్సులిన్ సీసా మూడు నెలలు సీలు తియ్యకుండా అలాగే ఉండిపోయింది. పెరుగు కోసం, పాల కోసం రోజూ ఆ తలుపు తీసేది. సీసాను మాత్రం ముట్టుకోలేదు. ఒక స్వస్థత కూటంలో ఆమెకు చెప్పారట: "షుగర్ ఉందని నోటితో ఒప్పుకుంటే ఉంటుందమ్మా, స్వస్థత పొందానని పలుకు" అని. పెద్దమ్మ పలికింది. కాలి పుండు మానలేదు. రెండు వేళ్లు తీసేశాక, వార్డులో నా చెయ్యి పట్టుకుని "నా విశ్వాసమే చాల్లేదురా" అంది.

ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే అమెరికాలోని మసాచుసెట్స్‌లో తేలాను.

1866 ఫిబ్రవరిలో లిన్ అనే ఊళ్లో ఒకావిడ మంచు మీద జారిపడింది. తర్వాత ప్రపంచానికి మేరీ బేకర్ ఎడ్డీగా తెలిసింది ఆవిడే. మూడో రోజు యేసు స్వస్థపరచిన ఘట్టం బైబిల్లో చదువుతూ లేచి నిలబడ్డానని చెప్పుకున్నారు. ఆమెను చూసిన డాక్టరు మాత్రం, ప్రాణం మీదికి వచ్చిందని తానెప్పుడూ అనలేదని చాలా ఏళ్ల తర్వాత ప్రమాణం చేసి చెప్పాడు. 1875లో 'సైన్స్ అండ్ హెల్త్' వచ్చింది, 1879లో క్రిస్టియన్ సైన్స్ చర్చి ఏర్పడింది. ఆవిడ బోధ క్లుప్తంగా ఇది: దేవుడు ఆత్మ, ఆయనే సమస్తం. కాబట్టి పదార్థానికి అసలైన ఉనికి లేదు. రోగం మనసు పడే పొరబాటు.

ఆ కాలపు వైద్యం తెలిస్తే జనం ఎందుకు అటు వెళ్లారో అర్థమవుతుంది. పాదరసం మందులు మింగించేవారు, రక్తం తీసేవారు. మందు తగ్గించుకుని ప్రార్థన పెంచుకున్న రోగి కొన్నిసార్లు నిజంగానే బాగుపడి ఉంటాడు. వాళ్లను తేలిక చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

కాన్సాస్ సిటీలో మర్టిల్ ఫిల్‌మోర్ అనే ఆవిడకు క్షయ. 1886లో మానసిక స్వస్థత మీద ఒక ఉపన్యాసం విని, తాను దేవుని బిడ్డననీ, రోగం తనకు వారసత్వంగా రాదనీ పట్టుకుంది. క్రమంగా కోలుకుంది. భర్త చార్ల్స్‌తో కలిసి 1889లో మొదలుపెట్టిన పనే యూనిటీ ఉద్యమం. వీళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లొద్దని అనలేదు. ఒకే చెట్టు కొమ్మల్లోనూ ఇంత తేడా ఉంది.

1894లో వివేకానందుడు మెయిన్ రాష్ట్రంలోని గ్రీనేకర్‌లో ఈ క్రిస్టియన్ సైన్స్ వాళ్లను చూసి, అద్వైతంలోని కొన్ని మాటలు తీసుకుని బైబిలుకు అంటుకట్టారని ఉత్తరంలో రాశాడు. జగన్మిథ్య అనే మాట వింటూ పెరిగిన మనకు అది వెంటనే తడుతుంది. కానీ అద్వైతి కూడా వ్యవహారంలో ఆకలిని ఆకలిగానే చూస్తాడు, అన్నం తింటాడు. ఎడ్డీ సైతం విరిగిన ఎముకల్ని ప్రస్తుతానికి సర్జన్ చేతికి వదలమన్నారు. ఎముకకు ఇచ్చిన సెలవు పేగుకు ఎందుకు ఇవ్వలేదన్నది నన్ను వదలని ప్రశ్న. ఎందుకంటే 1986లో బోస్టన్‌లో ఒక క్రిస్టియన్ సైన్స్ కుటుంబంలో రెండేళ్ల పసివాడు పేగు మూసుకుపోయి, ప్రార్థన చికిత్సలోనే చనిపోయాడు. 1990లో తల్లిదండ్రులకు శిక్ష పడింది, 1993లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తల్లిదండ్రులు బిడ్డను ప్రేమించలేదని నేను అనను.

సంప్రదాయ క్రైస్తవుల అభ్యంతరం సూటిగా ఉంటుంది. వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెనని యోహాను రాశాడు. శరీరమే భ్రమ అయితే సిలువ మీద ఎవరికి నొప్పి పుట్టింది? లాజరు సమాధి దగ్గర, కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసీ యేసు ఏడ్చాడు. లాజరు సోదరి మరియను "ఇది భ్రమ, ఊరుకో" అనలేదు. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. విశ్వాసం చాల్లేదని తిట్టలేదు. నేను ఈ పక్షాన నిలబడతాను.

మరి మా పెద్దమ్మకు ఆ మాట ఎలా చేరింది? మన స్వస్థత కూటాలు రోగం అబద్ధమని అనవు, దేవుడు తీసేస్తాడని అంటాయి. రెండూ ఒకటి కావు. కానీ నోటితో పలికితే జరుగుతుందనే బోధకు మూలపురుషుడు ఇ. డబ్ల్యూ. కెన్యన్ అనే అమెరికా బోధకుడు. 1890లలో, మానసిక స్వస్థత బోధలు ఉడుకుతున్న బోస్టన్‌లో, అతను వక్తృత్వం చదివాడు. అతని మాటల్ని కెన్నెత్ హేగిన్ అనే మరో అమెరికా బోధకుడు ముందుకు తీసుకెళ్లాడు. కెన్యన్ ఆ గాలి పీల్చాడని కొందరు పండితులు, అతనిది మామూలు సువార్త బోధేనని ఇంకొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాళ్లలో ఎవరు నెగ్గినా, స్వస్థత రాకపోతే భారం రోగి నెత్తినే పడటం రెండు చోట్లా ఒకటే.

పెద్దమ్మ ఇప్పుడు తెల్లవారగానే ప్రార్థన చేసుకుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, సూది తనే వేసుకుంటుంది. కానీ మొన్న వెళ్లినప్పుడు కూడా అడిగింది, "నిజంగా నాదేనంటావా తప్పు?" అని.