టీవీలో మాటలు చదవాలంటే ఏ దేశంలో పుట్టాలి?

[నల్ల తెర. సౌండ్ లేదు. కింద తెల్ల అక్షరాల్లో ఒక్క వాక్యం పడుతుంది.]

"రాజమాత స్మృత్యర్థం ఇప్పుడు ఒక నిమిషం హింస."

[వాయిస్ మొదలవుతుంది.]

చదివారా? బ్రిటన్‌లో లైవ్ టీవీలో పడ్డ సబ్‌టైటిల్ ఇది. మనకోసం తెలుగులో పెట్టాను. మాట్లాడినవాళ్లు అన్నది సైలెన్స్, అంటే మౌనం. తెర మీద పడింది వయొలెన్స్. లైవ్ సబ్‌టైటిల్స్ మాటొస్తే అక్కడి పత్రికలు ఇప్పటికీ గుర్తు చేసే తప్పు.

కంప్యూటర్ చేసిన పనేగా అనుకుంటాం. అందులో సగమే నిజం. బ్రిటన్‌లో లైవ్ సబ్‌టైటిల్స్ వెనక చాలాసార్లు ఒక మనిషి ఉంటారు. చిన్న గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని, యాంకర్ చెప్పే ప్రతి మాటా విని, వెంటనే మైకులో తిరిగి చెప్తుంటారు. "ప్రధాని ఈ ఉదయం కామా పార్లమెంటులో మాట్లాడారు ఫుల్‌స్టాప్." అవును, కామాలు కూడా నోటితోనే. సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క గొంతుకు అలవాటు పడి ఉంటుంది కాబట్టి విన్నది విన్నట్టు రాస్తుంది. దీన్ని రీస్పీకింగ్ అంటారు. చెవితో కొత్త వాక్యం వింటూ, నోటితో పాత వాక్యం చెప్తూ, కంటితో తెర మీద తప్పులు చూసి దిద్దుతూ. మన అవధానులు చూస్తే ముచ్చటపడతారు.

అంత శ్రమపడినా మౌనం హింసైపోతుంది. పైగా మాటకీ అక్షరానికీ మధ్య కొన్ని సెకన్ల ఆలస్యం. జోకు అయిపోయి అందరూ నవ్వేశాక జోకు తెర మీదికొస్తుంది.

[తెర మీద: పెద్ద టీవీ, దాని ముందు పడక కుర్చీలో ఒక పెద్దాయన. బొమ్మ మాత్రమే.]

ఈ వీడియో చేయడానికి కారణం మా పెదనాన్న. రిటైరైన తెలుగు మాస్టారు. ఏడెనిమిదేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చింది. మిషన్ పెట్టుకుంటే అన్నీ ఒకేసారి వినపడుతున్నాయంటారు, తీసేస్తే ఏమీ వినపడదు. టీవీ సౌండ్ ఎంత పెంచినా పాత్రలు పెదాలు కదుపుతున్నట్టే ఉంటుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అడిగారు: "ఒరేయ్, అమెరికాలో మీ అక్కావాళ్ల టీవీలో కింద మాటలు వస్తాయే, అవి మన టీవీలో ఎందుకు రావురా?"

ఠక్కున జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వీడియో.

ముందు ఒక చిన్న తేడా చెప్పుకుందాం. భాష తెలియనివాళ్ల కోసం వేసేవి సబ్‌టైటిల్స్. వినపడనివాళ్ల కోసం, అదే భాషలో వేసేవి క్యాప్షన్లు. సబ్‌టైటిల్ మాటలు మాత్రం రాసి ఊరుకుంటుంది. క్యాప్షన్ అయితే "పక్క గదిలో ఏదో పగిలింది" అని కూడా రాయాలి. హీరో ఎందుకు ఉలిక్కిపడ్డాడో వినపడనివాళ్లకి తెలియాలి కదా. బ్రిటన్‌లో రెంటినీ సబ్‌టైటిల్స్ అనే అంటారు. ఇక్కడ నేనూ ఒక్కోసారి కలిపేస్తాను, పట్టించుకోకండి.

[తెర మీద: 1972]

అమెరికా కథ వంటగదిలో మొదలైంది. 1972లో బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ అనే పబ్లిక్ టీవీ స్టేషన్, జూలియా చైల్డ్ వంటల కార్యక్రమాన్ని క్యాప్షన్లతో ప్రసారం చేసింది. అప్పట్లో అవి అందరి తెర మీదా కనపడేవి, ఆపే వీలు లేదు. వినపడేవాళ్లు చిరాకు పడతారని చానెళ్ల భయం. దాంతో కావాలన్నవాళ్లకే కనపడే పద్ధతి కనిపెట్టారు. టీవీ బొమ్మ గీతలు గీతలుగా వస్తుంది. అందులో 21వ గీత తెరపై కనపడదు. అక్షరాలను ఆ గీతలో దాచి పంపారు. 1980 మార్చిలో మొదలైంది. క్లోజ్డ్ క్యాప్షన్ అన్న పేరు అందుకే, మూసిపెట్టిన మాటలు.

తెరవాలంటే మాత్రం టీవీ పక్కన ఇంకో డబ్బా పెట్టుకోవాలి, దాని ధర రెండు వందల డాలర్ల పైమాటే. కొన్నవాళ్లు తక్కువ. కొన్నవాళ్లు తక్కువ కాబట్టి చానెళ్లు ఎక్కువ కార్యక్రమాలకు వేయవు. కార్యక్రమాలు తక్కువ కాబట్టి ఎవరూ కొనరు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.

ఈ ముడి విప్పింది చట్టం. 1990లో ఒక చట్టం తెచ్చి, 1993 జులై నుంచి అమెరికాలో అమ్మే 13 అంగుళాలు, ఆ పైన ఉన్న ప్రతి టీవీలోనూ ఆ డబ్బా పని చేసే చిప్ ఉండాల్సిందేనన్నారు. అంతే, డబ్బా గొడవ పోయింది. 1996లో ఇంకో చట్టం. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం 2006 జనవరి నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, కొత్త ఇంగ్లీషు కార్యక్రమాలన్నిటికీ క్యాప్షన్లు తప్పనిసరి. స్పానిష్ వాటికి 2010 నుంచి. మా అక్కావాళ్ల ఇంట్లో కనపడేవి అవే.

[తెర మీద: ఇంటర్నెట్ గుర్తు]

తర్వాత వీడియోలు నెట్‌లోకి వెళ్లాయి, పాత గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 2010లో ఇంకో చట్టం చేసి, టీవీలో క్యాప్షన్లతో వచ్చిన కార్యక్రమం నెట్‌లో పెడితే అక్కడా ఉండాలన్నారు. మరి నెట్‌కే పరిమితమైనవి? అమెరికా బధిరుల జాతీయ సంఘం నెట్‌ఫ్లిక్స్ మీద కోర్టుకెళ్లింది. 2012లో రాజీ కుదిరింది. 2014 కల్లా మొత్తం వీడియోలకు క్యాప్షన్లు వేస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఈ రోజు మనం ఓటీటీలో అలవాటుగా సబ్‌టైటిల్స్ బటన్ నొక్కుతున్నామంటే, దాని వెనక ఇలాంటి కేసులున్నాయి.

మిగతా దేశాలు గబగబా చూసేద్దాం. బీబీసీ 2008 కల్లా తన ప్రధాన చానెళ్లలో అన్నిటికీ సబ్‌టైటిల్స్ వేసింది. ఫ్రాన్స్ 2005లో చట్టం చేసి పెద్ద చానెళ్లకు ఐదేళ్లు గడువిచ్చింది. ఆస్ట్రేలియాలో ప్రధాన చానెళ్లు పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి దాకా వేయాలి. అర్ధరాత్రి దాటాక వినపడనివాళ్లు పడుకోవాలని కాబోలు.

ఇంతవరకు చెప్పింది ఉన్నాయా లేవా అన్న సంగతి. బాగున్నాయా అన్నది వేరే సంగతి, నాకు అసలు ఆసక్తి అక్కడే.

అమెరికాలో చానెళ్ల మీద పెత్తనం చేసే ఎఫ్‌సీసీ 2014లో నాలుగు ప్రశ్నలు పెట్టింది. మాట సరిగ్గా ఉందా? సమయానికి పడుతోందా? మొదటి నుంచి చివరి దాకా ఉందా? ముఖానికో స్కోరుకో అడ్డం పడుతోందా? బాగానే ఉంది, మరి ఎంత సరిగ్గా ఉంటే సరైనట్టు? యూరప్‌లో వాళ్లు దీనికో లెక్క కట్టారు. ఎన్ఈఆర్ అంటారు. లైవ్‌లో 98 శాతం వస్తే పర్లేదన్నట్టు.

[తెర మీద: 98]

98 అంటే మన ఇళ్లలో మిఠాయి పంచుతారు. కానీ ఈ లెక్కలో తప్పులన్నీ ఒకటి కావు. చదివేవాళ్లు సర్దుకుపోగల చిన్న తప్పుకు పావు మార్కు పోతుంది. అర్థం చెడితే అర. చదివినవాళ్లకి అనుమానమే రాకుండా అబద్ధం చెప్పేస్తే ఒక పూర్తి మార్కు. ఆ మూడో రకం మీద ఒక్క క్షణం ఆగుదాం. మౌనం హింసైతే నవ్వుకుంటాం, తప్పని తెలుస్తూనే ఉంది. "రేపు బడులకు సెలవు లేదు" అన్నది "రేపు బడులకు సెలవు" అయిందనుకోండి. వాక్యం శుభ్రంగా ఉంది, ఎవరికీ నవ్వు రాదు, పిల్లాడు బడికి వెళ్లడు.

ఈ లెక్కని తెలుగుకి తెస్తే ఇంకో చిక్కుంది. అది మాటలు లెక్కపెడుతుంది. ఇంగ్లీషులో ఆరు మాటల్లో చెప్పేదాన్ని మనం "చేయించుకోలేకపోయాడు" అని ఒక్క మాటలో చెప్తాం. ఆ మాట మధ్యలో "లే" ఒక్కటి జారితే అర్థమే మారిపోతుంది. "తినొచ్చు", "తినకూడదు" మధ్య తేడా అంతా మాట తోకలోనే ఉంది. మాట తోకే కదా మైకులో సరిగ్గా వినపడనిది! బీబీసీ వాళ్లు నిమిషానికి 160 నుంచి 180 మాటల వేగం పెట్టుకోమంటారు. అన్ని తెలుగు మాటలు నిమిషంలో చదవాలంటే మా పెదనాన్న కళ్లద్దాలు కాదు, కళ్లే మార్చుకోవాలి. అందుకే ఇంగ్లీషు కొలబద్దని దింపుకుంటే సరిపోదు, మనకి మనం కొత్తగా కట్టుకోవాల్సిందే.

ఇంత పకడ్బందీగా ఉన్న బ్రిటన్‌లో కూడా ఒక తమాషా జరిగింది. 2021 సెప్టెంబరు 25న లండన్‌లోని ఒక ప్రసార కేంద్రంలో అగ్నిమాపక వ్యవస్థ పని చేసింది. ఆ ధాటికి అక్కడి కంప్యూటర్ల హార్డ్‌డిస్కులు పాడయ్యాయి. చానెల్ 4లో బొమ్మ వచ్చింది, సౌండ్ వచ్చింది. సబ్‌టైటిల్స్ వారాల తరబడి రాలేదు. సౌండ్ అన్ని వారాలు పోతే ఊరుకునేవారా? ఆ చానెల్ నిబంధన తప్పిందని నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తర్వాత తేల్చింది.

[తెర మీద: యూట్యూబ్ ప్లేయర్ అడుగున సీసీ బటన్]

ఇక మనం రోజూ చూసేది. 2009 నవంబరులో యూట్యూబ్‌లో దానంతట అదే క్యాప్షన్ రాసుకునే పద్ధతి ఇంగ్లీషులో మొదలైంది. దాని వెనకున్న గూగుల్ ఇంజనీర్లలో కెన్ హారెన్‌స్టీన్ ఒకరు, ఆయనకు వినపడదు. తన అవసరం తానే తీర్చుకున్నాడన్నమాట. కానీ మొదట్లో వాటి నాణ్యత ఎంత ఘోరమంటే, వినపడనివాళ్లు వాటికి "క్రాప్షన్స్" అని పేరు పెట్టారు. తెలుగులో "చెత్తప్షన్లు" అనుకోండి. చూసేవాళ్లే కూర్చుని సరైన క్యాప్షన్లు రాసిచ్చే వీలు కొన్నాళ్లు ఉండేది, దాన్ని 2020 సెప్టెంబరులో తీసేశారు. చిన్న భాషల వీడియోలకు అదే పెద్ద దిక్కు. నాకైతే ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం.

2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షల పైచిలుకు. మా పెదనాన్నలా వయసుతో చెవి మందగించిన వాళ్లలో ఎంతమంది "నాకు లోపం ఉంది" అని రాయించుకుంటారు? "కాస్త గట్టిగా చెప్పు" అంటారు, అంతే. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2019లో సమాచార ప్రసార శాఖ టీవీకి ప్రమాణాలు పెట్టి, ఏటా పెంచుకుంటూ 2025 నాటికి సగం కార్యక్రమాలు అందుబాటులోకి తేవాలంది. క్యాప్షన్ అయినా వేయొచ్చు, సంజ్ఞా భాష అయినా పెట్టొచ్చు. పెదనాన్నకి సంజ్ఞా భాష రాదు. డెబ్భై దాటాక వినికిడి పోయినవాళ్లు ఎవరికి వస్తుంది?

2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, పఠాన్ సినిమా ఓటీటీకి వెళ్లేటప్పుడు క్యాప్షన్లు ఉండాలని నిర్మాతలకు చెప్పింది. 2024 మార్చిలో కేంద్రం థియేటర్లకూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటికి మించిన భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకు ఆరు నెలలు, మిగతావాటికి రెండేళ్లు గడువు.

మనదేశం ప్రపంచానికి నేర్పిన సంగతి కూడా ఒకటుంది. 1990ల్లో ఐఐఎం అహ్మదాబాద్‌లో బ్రిజ్ కొఠారి అనే ప్రొఫెసర్ సినిమా పాటల కింద అదే భాషలో పాట సాహిత్యం వేయమన్నారు. వినపడనివాళ్ల కోసం కాదు, అక్షరాలు వచ్చీ రానివాళ్ల కోసం. 1999లో గుజరాతీ పాటలతో దూరదర్శన్‌లో మొదలై, తర్వాత హిందీ పాటల కార్యక్రమం చిత్రహార్‌కి, మరికొన్ని భాషలకూ వెళ్లింది. పాట ఎలాగూ నోటికి వచ్చు. అక్షరం దాన్ని వెంబడిస్తుంటే చదువు దానంతట అదే వస్తుందన్నది ఆయన ఆలోచన. 

మరి పెదనాన్న ప్రశ్న? ఏదైనా ఓటీటీ తెరిచి ఒక తెలుగు సినిమా పెట్టండి. మెనూలో ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. తెలుగు చాలాసార్లు ఉండదు. తెలుగు సినిమా, తెలుగువాడు, తెలుగు మాత్రం లేదు! ఎందుకంటే అవి సినిమాని బయటివాళ్లకి అమ్మడానికి వేసినవి. మా అక్క కూతురికి పనికొస్తాయి, దానికి తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. మా పెదనాన్నది సరిగ్గా దానికి తిరగేసిన సమస్య. ఇక డబ్బింగ్ సీరియళ్లలో తెలుగు సబ్‌టైటిల్స్ దొరికినా, ఆడియో ఒకరు రాస్తారు, సబ్‌టైటిల్స్ ఇంకొకరు రాస్తారు. సగం విని, సగం చదివి పట్టుకునేవాళ్లకి ఆ చదివిన సగం ఇంకేదో చెప్తుంది.

[తెర మీద: ఈ వీడియో క్యాప్షన్ ఫైలు. టైమింగ్ అంకెలు, తెలుగు వాక్యాలు.]

ఈ వీడియోకి తెలుగు క్యాప్షన్లున్నాయి. మొదట ఒక సాఫ్ట్‌వేర్‌తో చేయించాను. "రాజమాత"ని "రాజు మాట" అని రాసింది. అన్నీ తీసేసి రెండు సాయంత్రాలు కూర్చుని నేనే కొట్టాను. నిన్న పెదనాన్నకి ఫోన్లో చూపించాను, అక్షరాలు పెద్దవి చేసి. మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా చూశారు. నేను ఏదో అంటారని ఎదురుచూస్తున్నాను.

కళ్లద్దాలు తీసి అన్నారు: "బాగుంది రా. కానీ మొదటి వాక్యంలోనే ‘స్మృత్యర్ధం’ అని ధకారం పెట్టావు. థకారం పెట్టు."

పెట్టాను.