రోబో కోస్తుందా, డాక్టర్ కోస్తాడా?

అందరికీ నమస్కారం. ఇందాక ఈ హాలు మెట్ల దగ్గర నిలబడి చూశాను. సగం మంది రెయిలింగ్ పట్టుకుని, ఒక కాలు పైమెట్టు మీద పెట్టి, రెండోదాన్ని దాని పక్కకి లాక్కుంటూ ఎక్కారు. కాబట్టి మోకీలు మార్పిడి ఆపరేషన్ రోబోతో మేలా, మామూలుగా మేలా అన్న విషయమే మీ పెన్షనర్ల సంఘం ఎందుకు మాట్లాడమందో నాకెవరూ చెప్పక్కర్లేదు.

ముందొక మాట సరిచేస్తాను. మనవాళ్ళు 'చిప్ప మార్పించుకున్నాడు' అంటారు. నిజానికి చిప్పని చాలాసార్లు అలాగే ఉంచేస్తాం. తొడ ఎముక చివరనా, కాలి ఎముక పైనా అరిగిన భాగాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, పన్నుకి క్యాప్ వేసినట్టు లోహపు తొడుగులు వేస్తాం. అరిగిన గుజ్జు స్థానంలో గట్టి ప్లాస్టిక్ ముక్క. రోబో అయినా, మామూలు ఆపరేషన్ అయినా లోపల వేసేది ఇదే. తేడా అంతా కోతలోనే ఉంది.

మామూలు పద్ధతిలో తొడ ఎముక లోపలికి సన్నటి రాడ్ దించుతాం. దాన్నిబట్టి ఒక లోహపు దిమ్మ బిగించి, దాని గాడిలోంచి రంపం నడుపుతాం. వడ్రంగి మూలమట్టం పెట్టి గీత గీసుకున్నట్టే.

రోబో అయితే, 'మాకో' అనే పేరున్న రోబో లాంటి మెషిన్లకి ముందే సీటీ స్కాన్ తీస్తారు. కొన్నిటికి స్కాన్ అక్కర్లేదు, థియేటర్‌లోనే ఎముకని తడిమి కొలతలు తీసుకుంటాయి. తొడలో, కాలిలో పిన్నులు గుచ్చి వాటికి ట్రాకర్లు, అంటే కెమెరా గుర్తుపట్టే గుర్తులు, తగిలిస్తాం. కాలు కదిపితే కెమెరా చూసి స్క్రీన్ మీద చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే: ఎముక ఇంకా కొయ్యకముందే మోకాలిని ఇటూ అటూ లాగి చూస్తే, లోపలి వైపు సందెంత, బయటి వైపు సందెంత అన్నది మిల్లీమీటర్లలో కనిపిస్తుంది. ఇంతకు ముందు దీన్ని చేతి అనుభవంతోనే అంచనా వేసేవాళ్ళం.

ఆ తర్వాత కోత. మాకోలో రంపం రోబో చేతికే ఉంటుంది, కానీ దాన్ని పట్టుకుని నడిపేది నేనే. మొదటిసారి చేసినప్పుడు గీసుకున్న హద్దు దాటించబోయాను, రంపం టక్కున ఆగిపోయింది. ఇన్నేళ్ళ సర్జన్‌ని, నాకు బ్రేక్ వేస్తుందా అని కాస్త ఉడుక్కున్న మాట నిజం. కొరియావాళ్ళ క్యూవిస్ లాంటివి ఎముకని తామే చెక్కుతాయి. అప్పుడు కూడా ప్లాన్ వేసేదీ, పక్కనే నిలబడి అవసరమైతే ఆపేదీ డాక్టరే.

మరి పేషెంటుకి ఏం ఒరిగింది? రోబోతో కోత ఎక్కువసార్లు అనుకున్న చోటే పడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నొప్పి, నడక సంగతి వేరు. కొరియాలో రోబోడాక్ అనే పాత రోబోతో చేసినవాళ్ళనీ, మామూలుగా చేసినవాళ్ళనీ సగటున 13 ఏళ్ళు గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. నొప్పిలో, నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 15 ఏళ్ళ దగ్గర రెండు వైపులా 98 శాతం కీళ్ళు నిలబడ్డాయి. మాకోకి పూర్తి మోకీలు మార్చడానికి అమెరికాలో అనుమతి వచ్చిందే 2015లో, కాబట్టి దానికి ఇంత పాత లెక్కలు ఉండవు. అసలు రోబోలు రాకముందు వేసిన కీళ్ళే వందలో 82 దాకా 25 ఏళ్ళు పనిచేశాయని 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

ఇక నా దగ్గరి సంగతులు రెండు. ఒకావిడకి చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి తొడ ఎముక విరిగి, వంకరగా అతుక్కుంది. అందులోకి రాడ్ దిగదు. ఆవిడకి రోబోయే కావాలని నేనే పట్టుబట్టాను. తొడలో పాత రాడ్డో ప్లేటో ఉన్నవాళ్ళకీ, మోకాలిలో ఒక వైపు మాత్రమే మార్చే ఆపరేషన్‌కీ కూడా రోబో ఉంటే నాకు నిశ్చింత.

రెండో ఆవిడది మామూలు దొడ్డికాళ్ళ కేసు. పిల్లలు ఫారిన్‌లో ఉన్నారు, రోబోయే చెయ్యమన్నారు, చేశాను. ఎక్స్‌రే ఫ్రేమ్ కట్టించుకునేంత బాగా వచ్చింది. మోకాలు మాత్రం 70 డిగ్రీలు దాటి వంగదు. 'అమ్మకి నొప్పి పుడుతోంది' అని ఇంట్లోవాళ్ళు ఫిజియోథెరపీ అమ్మాయిని మూడో రోజే మాన్పించేశారు. దానికి ఏ రోబో ఏం చేస్తుంది చెప్పండి?

డబ్బు సంగతి దాచను. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర పెట్టింది. అందరూ ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పైన జీఎస్టీ. రోబో వాడకానికి తీసుకునేది అందులోకి రాదు, అదనం. పైగా టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది, పిన్ను గుచ్చిన చోట అరుదుగా ఎముక విరగొచ్చు. ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం లాంటి భయాలు రెండిటికీ ఉన్నాయి. రోబో కోసం అప్పు చేస్తానంటే నేనైతే వద్దంటాను. ఆ డబ్బుతో రెండు నెలలు ఫిజియోథెరపీ పెట్టించుకోండి. డాక్టర్ని మాత్రం మొహమాటపడకుండా అడగండి: ఏడాదికి ఎన్ని మోకాళ్ళు చేస్తారు, నా కాలికి రోబో ఎందుకు కావాలి అని. రెండో ప్రశ్నకి 'లేటెస్ట్ టెక్నాలజీ అండీ' అన్నది జవాబు కాదు.

వెనక నుంచి మాస్టారు ఇందాకే చీటీ పంపారు, 'రోబో అయితే కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా' అని. రెండిటికీ ఒకటే, మాస్టారూ. కుర్చీయే, వెస్టర్న్ కమోడే.

ఎక్స్‌రేలు తెచ్చినవాళ్ళు ఇటు రండి. నిలబెట్టి తీసినవి ముందు చూస్తాను. పడుకోబెట్టి తీస్తే బరువు పడదు, అరుగుదల సరిగ్గా కనపడదు.