సాక్షి అబద్ధమాడకపోయినా...

మిత్రులారా, ఫోరెన్సిక్ సైకాలజీ, అంటే కోర్టు కేసుల కోసం చేసే మనస్తత్వ పరిశీలన, అనగానే హంతకుడి కళ్ళలోకి చూసి గుట్టు రాబట్టే మనిషి గుర్తొస్తాడు. మా రోజులు అలా గడవవు. ఫైళ్ళు తిరగేయడం, గంటలకొద్దీ మాట్లాడటం, కోర్టుకు అర్థమయ్యేలా నివేదిక రాయడం, ఇంతే. ముఖం చూసి అబద్ధం పట్టేస్తాననే వాళ్ళను నమ్మకండి. ఎన్నో పరిశోధనల్ని కలిపి 2006లో లెక్క చూస్తే, జనం నిజాన్నీ అబద్ధాన్నీ సరిగ్గా పోల్చుకున్నది నూటికి 54 సార్లే. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే.

ముద్దాయి ఎదుట కూర్చోగానే మేం ముందు చెప్పే మాట ఒకటుంది: "నేను మీకు వైద్యం చేయడానికి రాలేదు. మీరు చెప్పేది నివేదికలోకి వెళ్ళొచ్చు." ఇది చెప్పకుండా మొదలుపెడితే మోసం చేసినట్టే.

"అతనికి మతిస్థిమితం ఉందా?" అని అడుగుతారు. ఎప్పుడు? నేరం చేసినప్పుడా, ఇవాళ బోనులో నిలబడ్డప్పుడా? 1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్, ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చాడు. మతి చలించిందని కోర్టు శిక్ష వేయకపోతే దేశం భగ్గుమంది. ఆ గొడవలోంచి పుట్టిన సూత్రం అడిగేది నేరం నాటి సంగతి: చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో అతనికి తెలుసా? ఇవాళ్టి ప్రశ్న వేరే. తన మీద మోపిన అభియోగం అతనికి అర్థమవుతోందా, లాయరుకు తన సంగతి చెప్పుకోగలడా?

ఇక నాకు నిద్రపట్టనివ్వనిది సాక్షి జ్ఞాపకం. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్ల వేగమెంతని అడిగారు. కొందరిని "ఢీకొన్నప్పుడు" అని అడిగితే సగటున గంటకు 34 మైళ్ళన్నారు. "తుక్కయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే దాదాపు 41. మరో ప్రయోగంలో, వారం తర్వాత "పగిలిన గాజు చూశారా?" అన్నారు. ఫిల్ములో గాజు పగల్లేదు. "గుద్దుకున్న" జట్టులో 50 మందిలో 16 మంది చూశామన్నారు, "ఢీకొన్న" జట్టులో ఏడుగురే. వీళ్ళెవరూ అబద్ధాలకోర్లు కారు. ఒక్క క్రియాపదం మారిందంతే!

కొందరిని వరసగా నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే గుర్తింపు పరేడ్‌లోనూ ఇదే బెడద. వరసలో అనుమానితుడెవరో తెలిసిన అధికారి పక్కన నిలబడితే, అతని చూపే దారి చూపిస్తుంది. అందుకే అనుమానితుడెవరో తెలియని అధికారితో జరిపించాలి. "అతను ఈ వరసలో ఉండకపోవచ్చు కూడా" అని సాక్షికి ముందే చెప్పాలి. ఎంత నమ్మకంగా చెబుతున్నారో అక్కడికక్కడే, వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. "భేష్, సరిగ్గా పట్టారు" అన్నామా, తటపటాయించిన సాక్షి కోర్టుకొచ్చేసరికి కొండంత ధీమాతో మాట్లాడతాడు. జడ్జి చూసేది ఆ ధీమానే.

అందుకే సాక్షిని "ఎర్ర చొక్కా వేసుకున్నాడా?" అని అడగం. "ఏం చూశారో మొదట్నుంచీ చెప్పండి" అంటాం. ఆ తర్వాత వాళ్ళు ఆగినచోట కలగజేసుకోకుండా కూర్చోవాలి. ఇన్నేళ్ళొచ్చినా నాకు అదే కష్టం.