తుఫాను షెల్టరు, ఇంటి కప్పు: ఆరోగ్య కార్డుల తగువులో మనం వదిలేస్తున్న సంగతి

నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో పెళ్లి జరిగితే సగం చుట్టాలు ఒడిశా నుంచి, సగం శ్రీకాకుళం వైపు నుంచి వస్తారు. కొన్నేళ్లుగా అలాంటి పెళ్లిళ్లలో, బంతి భోజనాల దగ్గర బావ, బావమరిది ఒకే వాదనకు దిగడం చూస్తున్నాను. "మా కార్డులో ఆడవాళ్లకు పది లక్షలు" అని ఒడిశా వైపు వారు, "మా ఆరోగ్యశ్రీలో ఇరవై ఐదు లక్షలు" అని ఆంధ్ర వైపు వారు అంటారు. ఇద్దరి అంకెలూ నిజమైనవే. అయినా ఆ వాదన నన్ను బాధిస్తుంది, ఎందుకంటే ఆ లక్షలు ఏ రోజున అక్కరకు వస్తాయో ఇద్దరిలో ఒక్కరూ అడగరు.

తుఫాను షెల్టరును గుర్తు చేసుకోండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల మీద విరుచుకుపడిన రోజు, షెల్టరు విలువ ఏమిటో మన జిల్లాలు కళ్లారా చూశాయి. కానీ శ్రావణంలో ఇల్లు కారితే ఎవరూ షెల్టరుకు పరుగెత్తరు. తాటాకు మార్పిస్తారు, పెంకులు సర్దిస్తారు. ఆసుపత్రిలో చేరినప్పుడు ఖర్చు భరించే కార్డు షెల్టరు లాంటిది. నెలనెలా కొనే బీపీ మాత్ర, షుగరు పరీక్ష, పిల్లవాడి జ్వరం ఇంటి కప్పుకు సంబంధించినవి. కార్డు చేతిలో ఉండి కూడా మందుల దుకాణంలో డబ్బు ఎందుకు కట్టాలని కోపగించుకునేవారు, షెల్టరు తమ ఇంటి కప్పును కూడా కాస్తుందని నమ్మి మోసపోయినట్లు భావిస్తున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది, కానీ అది అడగవలసిన చోట అడగడం లేదు.

ఇప్పుడు తగువు చరిత్ర చూద్దాం. ఒడిశా ప్రభుత్వం 2018 ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజనను ప్రారంభించింది. అదే ఏడాది సెప్టెంబరు 23న కేంద్రం రాంచీలో ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ప్రారంభించింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలు, ఖర్చులో కేంద్రానికి 60, రాష్ట్రానికి 40 పాళ్లు అన్నది కేంద్ర పథకం లెక్క. తమ పథకమే ఎక్కువ మందికి, ముఖ్యంగా స్త్రీలకు, ఎక్కువ ఇస్తున్నదని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అందులో చేరలేదు. పేదలకు దేశమంతటా చెల్లే కార్డును అందకుండా చేస్తున్నారని ఎదుటి పక్షం ఆరోపించింది. 2024లో ప్రభుత్వం మారాక, 2025 జనవరిలో ఒప్పందం కుదిరి, ఏప్రిల్ 11న కటక్‌లో కేంద్ర పథకం ఒడిశాలో మొదలైంది. స్త్రీలకు అదనంగా ఇచ్చే 5 లక్షలను రాష్ట్రం గోపబంధు జన్ ఆరోగ్య యోజన పేరుతో కొనసాగించింది. ఏడేళ్ల రచ్చలో ఎక్కువ భాగం షెల్టరు గుమ్మం మీద ఎవరి పేరు రాయాలన్న దాని చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

ఈ రచ్చలో మరుగున పడిపోయిన సంగతి ఒకటి ఉంది. బిజూ పథకానికి రెండు భాగాలు ఉండేవి. లక్షల అంకె రెండో భాగానిది. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో, ఉపకేంద్రం మొదలుకొని వైద్య కళాశాల దాకా, కార్డు చూపకుండానే అందరికీ ఉచిత సేవ అన్నది మొదటి భాగం. ఉచిత మందుల కోసం నిరామయ పథకం 2015లోనే వచ్చింది. కప్పు అంటే ఇదే. మన ఊరి ఆరోగ్య కేంద్రంలో ఈ నెల షుగరు మాత్రలు ఉన్నాయా అని అడగవలసిన పౌరులు, పది లక్షలు పెద్దవా, ఇరవై ఐదు లక్షలు పెద్దవా అని వాదించుకుంటున్నారు.

గంజాం సరిహద్దుకు ఆవల, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం సంగతి ఆలోచించండి. ఆ జబ్బు తొలి దశలో చెప్పుకోదగ్గ లక్షణాలు ఉండవు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూస్తేనే అది బయటపడుతుంది. డయాలిసిస్‌కు కార్డు ఉంది. ఆ స్థితి రాకముందే, ఒంట్లో ఏ బాధా లేని రైతును పిలిచి ఆ రెండు పరీక్షలూ చేయవలసిన బాధ్యత ఊరి ఆరోగ్య కేంద్రానిది. అక్కడ పరీక్ష చేసేవారు లేకపోతే ఆ మనిషి కప్పు కూలాకనే షెల్టరుకు చేరతాడు. కేంద్ర పథకం ఆసుపత్రిలో చేరడానికి ముందు మూడు రోజుల, ఇంటికి పంపాక పదిహేను రోజుల ఖర్చును కూడా భరిస్తుంది. అయితే అవి షెల్టరు మెట్లు మాత్రమే, వాటి కింద ఏడాదంతా కాపురం చేయలేము.

కార్డు వద్దని నేను అనడం లేదు. గుండె శస్త్రచికిత్స కోసం పొలం అమ్ముకున్న కుటుంబాలను ఎరిగిన వారెవరూ ఆ మాట అనలేరు. ఆరోగ్యశ్రీ 2007లో తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి కాబట్టి, ఆ మేలును మన చుట్టాలు అందరికంటే ముందే చూశారు. దేశంలో ఆరోగ్య ఖర్చులో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మిగిలిన ఆ వాటా కూడా చిన్నది కాదు. 2025 నాటికి ఆరోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యంగా పెట్టుకుంది. 2021-22లో అది 1.84 శాతం దగ్గర ఉంది.

సమయం అయిపోతున్నందున మిగిలినవి త్వరగా చెబుతాను. ప్యాకేజీ ధరలు, అంటే ఒక్కో చికిత్సకు పథకం ముందే నిర్ణయించిన మొత్తాలు, చాలవని, బిల్లులు ఆలస్యమవుతున్నాయని ప్రైవేటు ఆసుపత్రులు చేసే ఫిర్యాదు ప్రత్యేకంగా చర్చించవలసినది, దానిని మరో వీడియోలో చూద్దాం. బరంపురం నుంచి విశాఖపట్నం వెళ్లేవారు ఆ ఆసుపత్రి, ఆ చికిత్స కేంద్ర పథకంలో ఉన్నాయో లేదో బయలుదేరే ముందే ఆ పథకం హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి కనుక్కోండి. ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దలు ఉంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా వారికి ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఆ వయసును ఆధార్ ప్రకారమే లెక్కిస్తారు కనుక, అమ్మమ్మ పుట్టిన సంవత్సరం అందులో తప్పుగా ఉంటే ముందు దానిని సరిచేయించండి.