నేతాజీని మోసిన సబ్‌మెరైన్‌లో జెట్ రహస్యం: అది జపాన్ చేరి ఉంటే?

[తెర మీద: రాత్రి సముద్రం, అలల హోరు]

1943 ఏప్రిల్ 28. మడగాస్కర్ దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రం. ఇద్దరు మనుషులు చిన్న రబ్బరు తెప్ప ఎక్కి, జర్మన్ సబ్‌మెరైన్ నుంచి జపాన్ సబ్‌మెరైన్‌లోకి మారారు. ఒకరు సుభాష్ చంద్రబోస్. రెండో ఆయన మన హైదరాబాద్ వాడు ఆబిద్ హసన్. వాళ్లను ఎక్కించుకున్న జపాన్ సబ్‌మెరైన్ ఐ-29. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. అదే ఐ-29 ఏడాది తర్వాత ఏం మోసుకొచ్చిందో ఇప్పుడు చూద్దాం.

[మ్యాప్: ఫ్రాన్స్ నుంచి సింగపూర్]

1944 ఏప్రిల్‌లో అది ఫ్రాన్స్‌లోని లోరియాంట్ రేవు నుంచి బయల్దేరింది. లోపల జర్మనీ మెసర్‌ష్మిట్ 163 ఫైటర్‌కు వాడే రాకెట్ ఇంజిన్, ఒక జెట్ ఇంజిన్, వాటి డ్రాయింగులు. అమెరికా బీ-29 బాంబర్లు తమ ఊళ్ల మీదికి రాబోతున్నాయని జపాన్‌కు తెలుసు. ఆ బాంబర్లు ఎగిరే ఎత్తుకు నిమిషాల్లో ఎక్కే విమానం కోసమే ఈ ఆరాటమంతా.

జూలై 14న సింగపూర్ చేరింది. నౌకాదళ అధికారి ఇవాయా అక్కడ దిగి, కొన్ని కాగితాలు పట్టుకుని విమానంలో టోక్యో వెళ్లిపోయాడు. ఇంజిన్లు సబ్‌మెరైన్‌లోనే ఉండిపోయాయి. జపాన్ రహస్య సందేశాలను అమెరికన్లు అప్పటికే చదివేస్తున్నారు. జూలై 26న ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన సాఫిష్ అనే అమెరికన్ సబ్‌మెరైన్ కాపు కాసి టార్పెడోలు వదిలింది. ఐ-29 సరుకుతో సహా మునిగిపోయింది.

మునగకుండా జపాన్ చేరి ఉంటే?

నా అంచనా ఇది: విమానాలు కొన్ని నెలలు ముందుగా ఎగిరేవి, యుద్ధం మాత్రం మారేది కాదు. ఎందుకంటే సరుకు చేతికందాక ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఒకటి అప్పటికే ఉంది.

[ఫొటో: హియెన్ ఫైటర్]

దీని పేరు హియెన్. దీని ఇంజిన్ జర్మనీ డైమ్లర్-బెంజ్ 601కి జపాన్ రూపం. దొంగచాటు రవాణా ఏమీ లేదు, డబ్బు కట్టి లైసెన్సు కొన్నారు. అది కూడా ఆర్మీ ఒకటి, నేవీ ఇంకొకటి! ఒకే ఇంజిన్‌ను కవాసాకి, ఐచి విడివిడిగా తయారుచేశాయి. నాకు చాలా బాధ కలిగించే వృథా ఇది. పైగా ఉక్కును గట్టిపరిచే నికెల్ కరువు. క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకు, కావలసినంత గట్టి ఉక్కు దొరకలేదు, ఇంజిన్లు మొరాయించాయి. చివరికి ఇంజిన్ లేని బాడీలు దాదాపు 275 ఊరికే పడి ఉన్నాయి. వాటికి మిత్సుబిషి వాళ్ల సొంత ఇంజిన్ బిగిస్తే కీ-100 అనే మంచి ఫైటర్ తయారైంది.

అటు బ్రిటన్ ఇచ్చిన మెర్లిన్ ఇంజిన్‌ను అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 55 వేలకు పైగా తయారుచేసింది. డ్రాయింగులు అందినచోట లోహం, యంత్రాలు, పనివాళ్లు, పెట్రోలు కూడా ఉన్నాయి.

ఇక జపాన్ జెట్. జర్మన్ ఇంజిన్ మునిగిపోయింది కదా, ఇవాయా తెచ్చిన ఒక్క అడ్డుకోత బొమ్మ చూసి ఇంజనీర్లు నే-20 అనే ఇంజిన్ నిలబెట్టారు. నిజంగా చేతులెత్తి మొక్కాల్సిన పని. దాన్ని బిగించిన కిక్కా విమానం 1945 ఆగస్టు 7న, హిరోషిమా మీద బాంబు పడిన మర్నాడు, 20 నిమిషాల పాటు ఎగిరింది. పెట్రోలు లేక అప్పటికి జపాన్‌లో జనం దేవదారు జాతి చెట్ల వేళ్లు తవ్వి నూనె తీస్తున్నారు.

[సగం నీళ్లున్న సీసా, కెమెరాకు దగ్గరగా]

మెసర్‌ష్మిట్ 163కి జపాన్ రూపమైన రాకెట్ ఫైటర్ షూసుయ్ అంతకు నెల ముందే, జూలై 7న యోకోసుకా దగ్గర లేచింది. పైలట్ ఇనుజుకా. ఈ సీసా చూడండి. ఇలా మూతి పైకెత్తితే నీళ్లన్నీ అడుక్కు జారిపోతాయి, మూతి దగ్గర చుక్క ఉండదు. షూసుయ్ ట్యాంకులో ఇంధనం నిండా పోయలేదు. నిటారుగా ఎక్కుతుంటే అది వెనక్కి జారిపోయింది. ఇంజిన్‌కు ఇంధనం తీసుకునే గొట్టం ముందువైపు ఉంది.

ఇంజిన్ ఆగిపోయింది. విమానాన్ని కాపాడాలని ఇనుజుకా వెనక్కి తిప్పాడు. మైదానం అంచున ఉన్న కట్టడానికి రెక్క తగిలింది. మర్నాడు ఆయన చనిపోయాడు. యుద్ధం ముగిసేలోగా షూసుయ్ ఇంజిన్‌తో మళ్లీ ఎగరలేదు.