పాట ఊరిదే, రికార్డింగు ఎవరిది?

అందరికీ నమస్కారం. నాకు మైకిస్తే పాడతాను గాని ప్రసంగాలు రావు. చానళ్లు నడిపే పిల్లలు ఇంతమంది వచ్చారు కాబట్టి, నాకు తగిలిన దెబ్బతోనే మొదలుపెడతాను.

మన బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణీ యాత్ర జరుగుతుంది కదా. కిందటి యాత్రకి ఘటాలు వచ్చే వీధిలో నిలబడి పదకొండు నిమిషాలు తీశాను. డప్పులు, జనం, మా అత్త కేక, అన్నీ పడ్డాయి. సందు చివర డీజే బండి మీద సినిమా పాట మోగుతోంది, అదీ పడింది. యూట్యూబులో పెట్టానో లేదో, ఆ సినిమా పాట మాదంటూ క్లెయిమ్! వీడియో నాది, యాడ్ డబ్బులు పాట హక్కుదారుకి.

క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు. ఈ తేడా తెలియక టెన్షన్‌తో చానలే తీసేసిన తమ్ముడొకడున్నాడు. క్లెయిమ్‌తో సాధారణంగా ఆ వీడియో ఆదాయమే పోతుంది. వీడియో తొలగించమని హక్కుదారు చట్టప్రకారం అడిగితే పడేది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే చానల్ పోతుంది. నేను ఎడిటర్‌లో ఆ ముక్కలో పాట తీసేశాను, క్లెయిమ్ పోయింది.

1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం చూసిన గంటలు 4000 అయ్యాయి, ఇక యాడ్ డబ్బులేనని మురిసిపోకండి. ఇతరుల పాటలు అతికించిన చానల్ అనిపిస్తే, అనుమతి ఉన్నా సరే, డబ్బులివ్వరు. ఫేస్‌బుక్‌లో కదలని దేవుడి బొమ్మ వెనక పాట పెట్టినా అంతే. షార్ట్స్‌లో యూట్యూబు లైబ్రరీ పాట ఒకటి వాడితే ఆ వ్యూల డబ్బులో సగం పాట ఖర్చుకి పోతుంది. "పాట హక్కులు వారివే" అని కింద రాస్తారు చూడండి, అది దొంగతనం చేసి రసీదు ఇచ్చినట్టుంటుంది.

ఇక జానపదం. ఊడుపు పాట తాతలనాటిది, దానికి హక్కుదారు లేడు. కానీ కంపెనీ పాడించి రికార్డు చేస్తే ఆ రికార్డింగు కంపెనీదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు.

పర్లాకిమిడి దగ్గర మా అమ్మమ్మ పాడిన పాటని నా ఫోనులోనే పట్టాను. అదే వరస ఏదో ఆల్బమ్‌లో ఉందట, క్లెయిమ్ వచ్చింది. అభ్యంతరం పెట్టాను. జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజులు గడువు. చివర్లో వదిలేశారు. మీరైతే క్లెయిమ్ వచ్చిన అయిదు రోజుల్లోపే పెట్టండి, అది తేలేదాకా యూట్యూబు మొదటిరోజు నుంచీ డబ్బు పక్కన ఉంచుతుంది.

ఇప్పుడు అమ్మమ్మ పాట పట్టేముందు పక్కింటికెళ్లి టీవీ కట్టేయించి వస్తున్నాను. సీరియల్ టైములో మాత్రం ఒప్పుకోరు.