కార్బన్ హల్ తేలికని ఎవరన్నారు? రెజిన్ కప్పును తూచి మాట్లాడండి!

నమస్కారం. హల్ అంటే జెట్ స్కీ అనే నీటి మీద నడిపే మోటారు బండికి తేలే ఒడలు. కార్బన్ ఫైబరుతోనో గ్లాస్ ఫైబరుతోనో నేసిన క్లాత్‌ను రెజిన్ అనే గట్టిపడే జిగురుతో తడిపి, పొరలు పొరలుగా వేసి దాన్ని తయారు చేస్తారు. ఒకే బరువు క్లాత్‌తో, ఒకే పద్ధతిలో, అన్నే పొరలు వేసి రెండు హల్‌లు తయారు చేస్తే, కార్బన్ హల్ గ్లాస్ ఫైబర్ హల్ కంటే ఎక్కువ తూగుతుంది. నోరు జారి అన్న మాట కాదు ఇది. కావాలంటే మళ్లీ అంటాను, కార్బన్ హల్లే ఎక్కువ తూగుతుంది.

నా స్టాండప్ జెట్ స్కీకి గ్లాస్ ఫైబర్‌తో సొంత హల్ వేసుకుంటున్నానని చూపించిన రోజు నుంచి నేను పడుతున్న మాటలు మీకు తెలిసినవే. కార్బన్ లేని కస్టమ్ హల్ ఎందుకు, ఫ్యాక్టరీ హల్లే వాడుకోవచ్చు కదా అని ఒకరు అన్నారు. డబ్బు లేక గ్లాసు వేస్తూ పైగా సిద్ధాంతాలు చెబుతున్నారని మరొకరు అన్నారు. డబ్బు సంగతి నిజమే, దాచను. సిద్ధాంతం కూడా నిజమే, దానికి లెక్క చూపిస్తాను.

అసలు ఈ బరువు గొడవ ఎందుకంటే, నిలబడి నడిపే బండిలో రైడరు తన ఒంటి బలంతో ముక్కును పైకి లేపాలి. 1990లో వచ్చిన యమహా సూపర్‌జెట్ సుమారు 130 కిలోలు ఉండేది. 2017లో కవాసాకి తెచ్చిన ఎస్ఎక్స్-ఆర్ సుమారు 250 కిలోలకు చేరింది. అలల మీద ఎగిరి పల్టీ కొట్టాలనుకునేవారు ఇలాంటి బరువుతో కుస్తీ పట్టలేక సొంత హల్‌ల దారి పడుతుంటారు. అందుకే ఇక్కడ కిలో తగ్గించడం కూడా పెద్ద విషయమే, దానిని నేను కాదనను. కిలో ఎక్కడ దాక్కుందో తెలియకుండా కార్బన్ మీద పడి కొట్టుకోవడాన్నే కాదంటున్నాను.

ఇప్పుడు లెక్కకు వద్దాం. చదరపు మీటరుకు 200 గ్రాములుండే క్లాత్ తీసుకుంటే, అది కార్బనైనా గ్లాసైనా 200 గ్రాములే తూగుతుంది. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అన్న చిన్నప్పటి ప్రశ్న అందరికీ గుర్తుండే ఉంటుంది. కాకపోతే దూది బస్తా పెద్దది. కార్బన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.8 గ్రాములు, గ్లాసుది సుమారు 2.55 గ్రాములు కాబట్టి, అదే 200 గ్రాములకు కార్బన్ ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ చోటుకు తగ్గట్టు ఎక్కువ రెజిన్ తాగుతుంది. చేత్తో, బ్రష్‌తో, రోలర్‌తో వేసిన పొరలో పరిమాణం ప్రకారం 35 శాతం ఫైబరు, మిగిలినది ఎపాక్సీ రెజిన్ అనుకుంటే, తడిసిన గ్లాస్ పొర చదరపు మీటరుకు సుమారు 365 గ్రాములు, తడిసిన కార్బన్ పొర సుమారు 435 గ్రాములు తూగుతాయి. నల్లగా నిగనిగలాడినందుకు పొరకు 70 గ్రాముల సుంకం!

కార్బన్ గట్టిది, కాబట్టి పొరలు తగ్గించుకుంటామని మీరంటారు. అంటారని నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు అన్నాను. కార్బన్ ఫైబరు గ్లాసుకు మూడు రెట్లకు కొంచెం పైగా బిరుసుగా ఉంటుందన్నది వాస్తవం. అయితే పలక వంగకుండా నిలవడం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది: మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పొరలు తగ్గించి మందాన్ని సగం చేశారనుకోండి, మూడు రెట్లు పెరిగి ఎనిమిదో వంతుకు తగ్గిన ఆ పలక, మీరు వద్దనుకున్న గ్లాస్ పలకలో సగం బిగువు కూడా చూపించలేదు. పైగా గ్లాస్ ఫైబరు 4 శాతానికి పైగా సాగాక గానీ తెగదు, మామూలు కార్బన్ ఒకటిన్నర శాతం దగ్గరే తెగుతుంది. పల్టీ కొట్టి నీళ్ల మీద బల్లపరుపుగా పడే హల్‌కు ఈ రెండింటిలో ఏది కావాలో మీరే చెప్పండి.

మరి బరువు ఎక్కడ తగ్గుతుందంటే, రెజిన్ కప్పులో తగ్గుతుంది. వాక్యూమ్ బ్యాగ్ వేసి గాలి లాగేస్తే, వాతావరణమే చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల బలంతో పొరలను నొక్కి, అదనపు రెజిన్‌ను పిండేస్తుంది. ఫైబరు వాటా 50 శాతానికి చేరితే అదే కార్బన్ పొర 330 గ్రాములకు, గ్లాస్ పొర 290 గ్రాములకు దిగుతాయి. హల్, దాని పైకప్పైన డెక్ కలిపి 5 చదరపు మీటర్లు, 6 పొరలు అనుకుంటే, కార్బన్‌లోనైనా 3 కిలోలకు పైగా ఆదా అవుతుంది. ఆ ఆదా తెచ్చినది పంపూ, ప్లాస్టిక్ సంచీ. వాటి ఫొటోలు ఎవరూ పెట్టరు, ఎందుకంటే అవి అందంగా ఉండవు.

నా మొదటి హల్ కార్బన్‌దే. నీటిని వెనక్కి చిమ్మి బండిని నడిపే జెట్ పంపు కూర్చునే చోట రంధ్రం కోసినప్పుడు ఊడి వచ్చిన అరచేతి వెడల్పు ముక్కను ఇప్పటికీ ఉంచుకున్నాను. ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. అంచు వైపు నుంచి చూడండి: నల్లటి గీతల మధ్య గాజులా మెరిసే గీతలున్నాయి కదా, కొన్నిచోట్ల అవి నల్లగీతల కంటే లావుగా ఉన్నాయి. ఆ మెరిసేదంతా నేను ప్రేమగా పోసిన ఎపాక్సీ. మూల తిరిగే చోట క్లాత్ మోల్డ్‌కు, అంటే అచ్చుకు, అంటకుండా వంతెనలా నిలబడిపోయింది, దాని కింద రెజిన్ చెరువు కట్టింది. నాణెంతో తట్టి చూస్తే మిగతా చోట్ల టక్కుమంటుంది, ఆ మూలలో డొల్లగా డప్పుమంటుంది. ఇవేవీ వేస్తున్నప్పుడు నాకు కనిపించలేదు, ఎందుకంటే కార్బన్ తడిసినా నలుపే, తడవకపోయినా నలుపే. గ్లాస్ క్లాత్ తెల్లగా ఉండి, రెజిన్ పట్టగానే పారదర్శకమవుతుంది. పొడిగా మిగిలిన చోటూ, గాలి బుడగా అక్కడే తెల్లమచ్చలై తిడతాయి. మొదటి హల్ వేసేవారికి ఇంతకంటే మంచి గురువు దొరకదు.

ఇంకొక మాట, దీని మీద ఎవరూ మాట్లాడరు. ఇంజిన్ బిగించే అల్యూమినియం పలకలను నేరుగా కార్బన్ మీద అతికించి ఉప్పునీటిలో తిప్పితే, ఆ రెండూ కలిసి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. కాబట్టి మధ్యలో ఒక గ్లాస్ పొర వేయక తప్పదు. అంటే కార్బన్ హల్‌ను కాపాడటానికి కూడా గ్లాసే దిగాలి. ఇది విన్నాక నాకు వచ్చిన నవ్వు ఇంకా ఆగలేదు.

నేను కార్బన్‌కు శత్రువును కాను. రైడరు పట్టుకునే హ్యాండిల్‌ను మోసే కడ్డీ, హ్యాండిల్ పోల్, పొడవైనది, ఒకే దిశలో వంగేది, కాబట్టి అక్కడ పొడవునా కార్బన్ వేస్తాను. అడుగు భాగానికి మాత్రం రెండు గ్లాస్ తొడుగుల మధ్య మూసుకున్న గదులుండే పీవీసీ ఫోమ్ పెడుతున్నాను. మందం ఘనం సూత్రం అక్కడ నా పక్షాన పనిచేస్తుంది, ఫోమ్‌కు బరువు దాదాపు లేనట్లే.

ప్రతి పొరకు క్లాత్‌ను ముందు తూచి, దానికి తగిన రెజినే కలిపి, కప్పులో మిగిలినదాన్ని మళ్లీ తూచి, ఆ అంకెను మోల్డ్ అంచు మీద పెన్సిల్‌తో రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు పొరలు పడ్డాయి, నాలుగు అంకెలూ తెర మీద ఉన్నాయి. కార్బన్ మిత్రులు తమ హల్ ఫొటోలు ఇక పంపనవసరం లేదు, తమ కప్పుల అంకెలు పంపితే చాలు.